పైపుకి జాకెట్టు కత్తిరింపు

గొట్టం మీద గొట్టం నిలబెట్టి అతకడం ఏమంత పని అనుకునేవారు రెండు వెదురు ముక్కలు తీసుకుని చూడండి. ఒకటి అడ్డంగా పెట్టి, దాని వీపు మీద రెండోదాన్ని నిలువుగా ఆనించండి. అంచు రెండేరెండు చోట్ల తగులుతుంది. తక్కినదంతా సందే. ఆ సందులోనే ఉంది ఈ కథంతా.

మా మామగారికి ఎనభై నాలుగేళ్లు. తెల్లవారకుండా మేడమీదికి వెళ్లి, సూర్యుడు వచ్చేదాకా అక్కడ కూర్చోవడం ఆయనకి నలభై ఏళ్ల అలవాటు. కిందటి వర్షాకాలంలో మెట్ల మీద కాలు జారింది. ఎముక విరగలేదు గాని, మాట విరిగింది. వీధరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడడం మానేశారు. "చెయ్యి పట్టుకుని తీసుకెడతాను, రండి మామయ్యగారూ" అంటే, "ఒకరు పట్టుకుని నడిపించే రోజు రాలేదమ్మాయ్" అన్నారు. మనిషి చెయ్యి పట్టుకుంటే చేతకానితనం, ఇనప కమ్మీ పట్టుకుంటే కాదు కాబోలు! సరే, కమ్మీయే పెడదామన్నారు మావారు.

మావారు రిటైరయ్యాక చిన్న వెల్డింగు మిషను కొన్నారు. పెరట్లో నిప్పురవ్వలు ఎగరని రోజుండదు. పట్టుకునేందుకు అంగుళంపావు పైపు, కింద స్తంభాలకి అంగుళం పైపు తెచ్చారు. అన్నట్టు, అంగుళం పైపు అంటే అంగుళం ఉండదు సుమండీ. ఆ పేరు లోపలి బోలుని బట్టి వచ్చింది. బయటి కొలత 33.7 మిల్లీమీటర్లు. అంగుళంపావుది 42.4. కొట్లో అడిగితే అందరూ అంగుళమే అంటారు.

పెరట్లో పాత కుళాయి పైపులు పడి ఉన్నాయి, అవి వాడితే డబ్బు మిగిలేది. కాని వాటి మీద జింకు పూత ఉంటుంది. దాన్ని కాల్చిన పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. అంచేత నల్ల పైపే కొన్నారు. ఈ ఒక్క విషయంలో ఆయన పొదుపు మానడం నాకు సంతోషం.

స్తంభం కొస తిన్నగా కోసి అడ్డపైపు కింద పెడితే పక్కన 8 మిల్లీమీటర్ల సందు తేలింది. దాన్ని వెల్డింగు రాడ్డు కరిగించి పూడ్చేవాళ్లు లేకపోలేదు. మా వీధిలోనే ఒకరి మేడమెట్లకి అలాంటి అతుకులు చూశాను, ఉండలు ఉండలుగా, పుట్టలు పోసినట్టు. అలా పోసిన ఇనుము చల్లారేటప్పుడు ముడుచుకుని స్తంభాన్ని తనవైపు లాగుతుంది. పైగా ముసలివారి చేతి చర్మం ఉల్లిపొర. ఆ గరుకు మీద చెయ్యి జారిస్తే నెత్తురు రావడం ఖాయం.

"కొసని చేపనోరులా కొయ్యాలోయ్, ఆ వంపు గీత ఎలా గియ్యాలా అని చూస్తున్నా" అన్నారాయన. నేనప్పుడు మనవరాలికి జాకెట్టు కత్తిరిస్తున్నాను. చేతి గుడ్డ పరిచి చూపించాను. కుడితే గొట్టం, విప్పితే పైఅంచు కొండలా లేచి దిగుతుంది. చంక గుండ్రానికి చేతి గుండ్రం అతకడానికే ఆ కొండ. పైపుకి మాత్రం వేరే ఏముంటుంది? ఆయన కళ్లజోడు సవరించుకుని నా కత్తెర వైపు చూశారు.

కాగితం మీద పెద్ద పైపు వృత్తం గీశారు. సరిగ్గా దాని నెత్తిన చిన్న పైపు వృత్తం గీసి, చుట్టూ 12 గుర్తులు పెట్టారు. ఒక్కో గుర్తు నుంచి కిందికి గీత దింపితే, పెద్ద వృత్తాన్ని తాకేచోటు అక్కడి లోతు చెబుతుంది. చిన్న పైపు చుట్టుకొలత 106 మిల్లీమీటర్లు. అంత పొడుగు కాగితాన్ని 12 భాగాలుగా మడిచి, ఆ లోతులు గుర్తుపెట్టి, చుక్కలు కలిపాను. జాకెట్టు చేతికి ఒక్క కొండే, దీనికి రెండు కొండలూ రెండు లోయలూ వచ్చాయి. పైపుకి చుట్టి అంచులు కలిపి, సుద్దతో గీశాం. ఇప్పుడు కొలతలిస్తే సెల్‌ఫోనే గీసిపెడుతుందని మనవరాలు నవ్వింది. నవ్వనీండి, గుడ్డ కత్తిరించినవాళ్లకి ఆ గీత ఎందుకలా వంగిందో తెలుస్తుంది.

మెట్ల మీద కమ్మీ ఏటవాలు గదా, అక్కడ ఈ కాగితం పనికిరాలేదు. మా మెట్ల వాలు 35 డిగ్రీలు. స్తంభం పైమెట్టు వైపు అంచు, కింది వైపు కంటే 24 మిల్లీమీటర్లు పొడుగుండాలి. చేపనోరు మూతి వంకర తిప్పినట్టుంటుంది. దానికి వేరే కాగితం కత్తిరించాను.

గ్రైండరుతో గీతకి కాస్త ఇవతలే కోసి, మిగిలింది అర్ధచంద్రపు ఆకురాయితో అరగదీశారు. లోపలి అంచు ముందు తగిలి కొస కూర్చోనివ్వదు, అంచేత దాన్ని వాలుగా రాయాలి. పెద్ద వర్క్‌షాపుల్లో గుండ్రటి రంపం బిగించి ఒక్క పెట్టున నోరు కోసేస్తారు. మా ఇంట్లో ఒక్కో నోటికి ఒక పూట పట్టింది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడడం, మళ్లీ రాయడం. సందులోంచి గోరంత వెలుగు కూడా రాకూడదన్నది నా షరతు.

అతికేటప్పుడు ఒక పక్క చుక్క పెడితే వెంటనే ఎదురు పక్క చుక్క. అలా నాలుగు చుక్కలు పడ్డాక, స్తంభం నిటారుగా ఉందో లేదో గుండు వేలాడదీసి చూసి, అప్పుడు చుట్టూ పోశారు. పైన రెడాక్సైడు, దానిపైన ఆకుపచ్చ రంగు.

రంగు ఆరిన మర్నాడు మామగారు ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లారు. చప్పుడుకి లేచి నేను వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయాను. ప్రతి స్తంభం దగ్గరా ఆగి, అతుకు చుట్టూ బొటనవేలు తిప్పి చూస్తున్నారు.

"అమ్మాయ్, కుట్టు చేతికి తగలటం లేదే!" అన్నారు, అటువైపు తిరిగే.

ఆ తరువాత అడుగుల చప్పుడు పైకి వెళ్లింది. కాస్సేపటికి మేడమీంచి కేక, కాఫీ అక్కడికే పంపమని.