పగటి నిద్ర

పదవీ విరమణ వయసును మార్చినన్ని సార్లు మన ప్రభుత్వాలు ఆఫీసు కుర్చీలు కూడా మార్చి ఉండవు. 1983లో ఎన్టీఆర్ 58ని 55కి తగ్గించారు. తర్వాత మళ్లీ 58. ఆంధ్రప్రదేశ్ 2014లో 60 చేసింది, 2022లో 62. తెలంగాణలో 2021 నుంచి 61. సంతకం పెడితే వయసు పెరుగుతుంది. నిద్ర సంగతి మాత్రం ఏ జీవోలోనూ ఉండదు.

మా పక్కింటి బాబాయి ఆర్టీసీ డ్రైవరు, ఎక్కువగా నైట్ సర్వీసులే. పొద్దున్నే దిగి, నాలుగు ఇడ్లీలు తిని, కిటికీకి పాత దుప్పటి కట్టుకుని పడుకునేవాడు. పిన్ని కుక్కర్ విజిల్ వేయబోతుంటేనే స్టవ్వు తగ్గించేది, వీధిలో పిల్లల్ని క్రికెట్ ఆడనిచ్చేది కాదు. ఇంత కాపలా కాసినా పదకొండింటికల్లా “రండమ్మా రండి, ఉల్లిపాయలూ” అంటూ మైకు ఆటో రానే వచ్చేది. బాబాయి తిట్టేవాడు కాదు. లేచి కూర్చుని, “ఇక టీ పెట్టెయ్” అనేవాడు.

డ్యూటీ దిగాక మర్నాటి డ్యూటీ ఎక్కేలోపు కనీసం తొమ్మిది గంటల విశ్రాంతి ఉండాలని 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పేది. మంచిదే. ఇంటికి రావడం, స్నానం, తిండి, కరెంటు బిల్లు, ఉల్లిపాయల ఆటో, మళ్లీ డిపోకు పరుగు, అన్నీ ఆ తొమ్మిదిలోనే.

పైగా పగటి నిద్ర రాత్రి నిద్రకు సాటి రాదు. మన కణాల్లోని గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు 2017లో ముగ్గురు అమెరికన్లకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. అది వెలుగును చూసి టైము దిద్దుకుంటుంది. రాత్రంతా స్టీరింగ్ పట్టినవాడిని కూడా తెల్లారాక లేవమనే పోరుతుంది. యాభై దాటాక గాఢనిద్ర ఎలాగూ పలచబడుతుంది. ముప్పైల్లో బాబాయి నైట్లు అడిగి మరీ వేయించుకునేవాడు, పగలు పొలం చూసుకోవచ్చని. యాభై అయిదులో డ్యూటీ చార్టులో అవే నైట్లు చూస్తే ఆయనకు బీపీ మాత్ర గుర్తొచ్చేది.

ఫిన్లాండ్‌లో 1981 నుంచి పదకొండేళ్లు మున్సిపల్ ఉద్యోగులను గమనించారు. వయసు పైబడినా పనిచేసే సత్తువ పెరిగినవాళ్ల విషయంలో తేలిన కారణాల్లో ఒకటి వ్యాయామం, ఇంకొకటి పైఅధికారి తీరు బాగుపడటం. వ్యాయామం చేయమని మనకు అందరూ చెబుతారు. రెండోది రాసిచ్చే డాక్టరు నాకింకా తగల్లేదు.

డిపోలో పైఅధికారి తీరంటే డ్యూటీ చార్టే. యాభై దాటినవాళ్లకు వరసగా నైట్లు వేయకపోతే కుర్రాళ్లు గొడవ చేస్తారంటారు. చేస్తారు మరి, వాళ్ల వీధిలోకీ ఉల్లిపాయల ఆటో వస్తుంది కదా. చార్టులో పేర్లు పెరిగితే తప్ప ఈ తగవు తెగదు. కొత్తవాళ్లను తీసుకోకుండా వయసు ఒక్కటే పెంచుకుంటూ పోతే ఉన్నవాళ్లకు మిగిలేది డబుల్ డ్యూటీలే.