లైట్ బంద్ చెయ్యి బిడ్డా!

జూన్‌లో, తొలకరి పడ్డ వారం. కాళేశ్వరం దర్శనం చేసుకుని, ఆ రాత్రికి మహదేవపూర్‌లో మా రూమ్మేట్ వాళ్ల పెద్దనాయన ఇంట్లో ఆగాం. దసలి పట్టుకు పేరున్న ఊరు. ఆయన మద్దిచెట్ల మీద పట్టుపురుగులు పెంచుతాడు.

రాత్రి వరండా ట్యూబ్‌లైట్ దగ్గరికి నా అరచేయంత మాత్ ఒకటి వచ్చి గోడకు వాలింది. ఫొటో కొట్టి యాప్‌లో పెడితే ‘అట్లాస్ మాత్’ అంది. స్టేటస్ పెట్టబోతుంటే పెద్దనాయన ఫోన్‌లోకి తొంగిచూసి నవ్వాడు.

“రంగు జూసి మోసపోకు. రెక్కల మీది కన్ను జూడు.”

నిజమే. నాలుగు రెక్కల మీదా గుండ్రటి మచ్చ, మధ్యలో అద్దంలా పారదర్శకంగా, చుట్టూ వలయం. అట్లాస్‌కైతే ఆ కిటికీలు మూడు కోణాలతో ఉంటాయి, ముందు రెక్క కొస పాముతలలా కనిపిస్తుంది. ఇది అచ్చంగా దసలి పట్టు మాత్. వీటిలోనే పసుపువీ, బూడిదరంగువీ, ఇటుకరంగువీ ఉంటాయి. అందుకే రంగును నమ్మొద్దన్నాడు.

“మగదా, ఆడదా?” అన్నా.

“మీసాలు జూడు.”

ఈకల్లా వెడల్పుగా ఉన్నాయి. అంటే మగది. ఆడదానికి మీసాలు సన్నం, పొట్ట లావు. చీకట్లో ఎంతో దూరం నుంచి ఆడదాని వాసన పట్టేది ఈ మీసాలతోనే.

జూమ్ చేసి మూతి చూశా. సీతాకోకచిలుకకు తేనె పీల్చే గొట్టం ఉంటుంది కదా, దీనికి అలాంటిదేమీ కనిపించలేదు.

“తినేటందుకు నోరే లేదు బిడ్డా. పురుగప్పుడు తిన్నదే తిండి. వారం, పదిరోజులు బతుకుతది, గంతే.”

పక్క గదిలో పట్టుకాయల దండలు వేలాడుతున్నాయి. దారం కోసం తీసినవాటిని మాత్ బయటికి రాకముందే ఉడకబెడతారు. విత్తనానికి ఉంచినవాటికే రెక్కలొస్తాయి. ఆ సాయంత్రమే రెండు ఆడవి బయటికొచ్చాయి. మన మగది వాటి కోసమే వచ్చినట్టుంది. నేనేమో గంట నుంచి ఫొటోల కోసం లైటు వేసి ఉంచా. అది ట్యూబ్‌కే కొట్టుకుంటోంది.

“లైట్ బంద్ చెయ్యి బిడ్డా. దానికున్నయే నాలుగు రాత్రులు.”

సిగ్గేసింది. ఆపేశా. చీకట్లో కాసేపు రెక్కల చప్పుడు, తర్వాత అదీ లేదు.

పొద్దున లేచి చూస్తే ఓ దండకు రెండు మాత్‌లు తోకకు తోక ఆనించి వేలాడుతున్నాయి. ఒకదాని మీసాలు వెడల్పు, ఇంకోదానివి సన్నం. రాత్రిదేనా అంటే చెప్పలేను. ఈసారి మాత్రం ఫోన్ తీయలేదు.

మీ బాల్కనీకీ మాత్ వస్తే మచ్చ, మీసం, మూతి చూడండి. చూశాక లైట్ ఆపేయండి.