పెద్దవాళ్ల సినిమా

‘పెద్దలకు మాత్రమే’ అనగానే మనకు గోడల మీద ఆ పోస్టర్లే గుర్తొస్తాయి. రాత్రి ‘పురహంద కలువర’ మళ్లీ చూశాక, ఆ మాటను మనం ఎంత చిన్నది చేసేశామో అనిపించి బాధేసింది.

ప్రసన్న వితానగే 1997లో తీసిన సింహళ చిత్రమిది. చూపులేని ముసలాయన వన్నిహామి ఇంటికి యుద్ధం నుంచి సీలు వేసిన శవపేటిక వస్తుంది. లోపల ఉన్నది కొడుకేనని ఊరంతా అంటుంది. తండ్రి మాత్రం నమ్మడు. ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా పరిహారం కాగితం మీద సంతకం పెట్టడు. వన్నిహామిగా నటించిన జో అబేవిక్రమ మాట్లాడేది చాలా తక్కువ. ఆ మౌనం, ఆ నడక, వానలేక ఎండిన ఆ నేల... నాకు గొంతు పట్టేసింది.

2000లో, యుద్ధం సాగుతుండగా, శ్రీలంక ప్రభుత్వం దీన్ని ఆపేసింది. దర్శకుడు సుప్రీంకోర్టులో గెలిచాక 2001లో విడుదలైంది. మరో సింహళ దర్శకుడు అశోక హందగమ తీసిన ‘అక్షరయ’కు ఆ అదృష్టం దక్కలేదు. ‘పెద్దలకు మాత్రమే’ అంటూ సెన్సార్ బోర్డు అనుమతి ఇచ్చిన తర్వాత కూడా దాన్ని నిషేధించారు.

‘పురహంద కలువర’ మాత్రం కొడుకు చావును ప్రశ్నించే ఒక తండ్రి కథ. నా లెక్కలో పెద్దవాళ్ల సినిమా అంటే ఇదే. గంటంబావే నిడివి. పిల్లలు పడుకున్నాక, ఫోన్ పక్కన పెట్టి చూడండి.