రూల్ పుస్తకం కొనాల్నా, నెలనెలా యాప్‌కు కట్టాల్నా?

మా రూములో ఆడుకునే ఆట గురించి పోయిన నెల రాసినం గదా. అది చదివి అజ్మాన్ నుంచి ఒకరు, మస్కట్ నుంచి ఇద్దరు ఫోన్ చేసిన్రు. ముగ్గురిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, పుస్తకం కొనాల్నా, ఫోన్లో నెలనెలా పైసలు కట్టాల్నా?" మేం రెండూ చేసి చూసినం కాబట్టి జర పొడుగ్గానే రాస్తున్నం.

తెలియని వాళ్ళకు రెండు ముక్కలు. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 1974లో అమెరికాలో తెచ్చిన్రు. పేకలు లేవు, పైసల పందెం అసలే లేదు. ఒకరు కథ నడిపిస్తరు, మిగిలినవాళ్ళు తలా ఒక వేషం కడతరు. ఒకరు కత్తి వీరుడు, ఒకరు మంత్రగాడు, ఒకరు దొంగ. "తలుపు పగలగొడతా" అంటే అది పగిలిందా లేదా అని ఇరవై ముఖాల పాచిక వేసి చూస్తరు. ఊర్లో ఒగ్గుకథ విన్నోళ్ళకు ఇది పెద్ద వింత కాదు, ఇక్కడ కథ నడుమ మనం కూడా దూరి మాట్లాడొచ్చు, అంతే తేడా.

మాకు నేర్పింది మా సైటు సేఫ్టీ ఆఫీసర్, ఫిలిప్పీన్స్ మనిషి. వాళ్ళ భాషలో అన్నను కుయా అంటరు, మేం కూడా అట్లనే పిలిచేది. మేం ఐదుగురం: ఒక సూపర్‌వైజర్, ఇద్దరు షట్టరింగ్ కార్పెంటర్లు, ఒక స్టీల్ ఫిక్సర్, ఒక ఎలక్ట్రీషియన్. సెలవు నాడు వంట అయినంక మంచాల నడుమ ప్లైవుడ్ ముక్క వేసుకొని కూర్చుంటం. ఆ మూడు నాలుగు గంటలు ఎవ్వరం మిత్తీల గురించి మాట్లాడం.

మొదటి ఏడాది అంతా ఫోన్ల మీదనే నడిచింది. డీ అండ్ డీ బియాండ్ అని యాప్ ఉంది. దాంట్లో మాస్టర్ చందా నెలకు 5.99 డాలర్లు, అంటే మన 22 దిర్హములు. కుయా ఒక్కడే కట్టేటోడు. ఆయన యాప్‌లో కొన్న పుస్తకాలు గుంపులో ఉన్న అందరికీ తెరుచుకునేవి. నిజం చెప్పాలంటే సుఖమే. లెక్కలు అదే వేస్తది. ఏ రూల్ కావాలన్నా పేరు కొడితే వస్తది. బస్సులో సైటుకు పోతూ కూడా చదువుకోవచ్చు.

తర్వాత కుయా కాంట్రాక్టు అయిపోయింది. ఇంటికి పోయినంక కూడా రెండు నెలలు మా కోసం కట్టిండు. పిల్లల ఫీజులు ఉన్న మనిషి, ఇంకా కట్టమని ఏ మొఖంతో అడుగుతం? చందా ఆగింది, ఆయన పుస్తకాలు మాకు మూసుకున్నయి. అది యాప్ తప్పు కాదు, దాని పద్ధతే అంత. మన వీసా కఫీల్ పేరు మీద ఉన్నట్టు, ఆ పుస్తకాలు అకౌంట్ పేరు మీద ఉంటయి. మాలో ఒకరి పేరు మీద తీసుకుందామంటే జీతం కార్డు ఆన్‌లైన్లో పనిచెయ్యలే. పనిచేసినా, ఆ ఒక్కడు క్యాన్సిల్ అయి పోతే మళ్ళా మొదటికే వస్తది.

అప్పుడు తలా నలభై దిర్హములు వేసి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అచ్చు పుస్తకం కొన్నం. 2024లో వచ్చిన కొత్తది, 384 పేజీలు. అమెరికాలో దాని ధర 49.99 డాలర్లు.

మేం పదో తరగతి, అదీ తెలుగు మీడియం. ఫోన్ కెమెరాతో తర్జుమా చేస్తే "సేవింగ్ త్రో" అన్నదానికి "పొదుపు విసరడం" అని వచ్చింది. "స్పెల్" అంటే "అక్షరక్రమం" అట! మంత్రగాడు అక్షరక్రమం చదివి రాక్షసుణ్ణి చంపాలన్నమాట. ఆ రోజు నవ్వలేక చచ్చినం. అందుకని పుస్తకంలో పెన్సిలుతో మేమే రాసుకున్నం. సేవింగ్ త్రో పక్కన "తప్పించుకునే పాచిక", స్పెల్ పక్కన "మంత్రం". ఎక్కువ రాసింది మా స్టీల్ ఫిక్సర్. వాని చేతిరాత ముత్యాల లెక్క ఉంటది. పోయిన మార్చిలో వాణ్ణి క్యాన్సిల్ చేసి పంపిన్రు. పుస్తకం పోలే. ఊరికి పోయేటోడు తన ముప్పై కిలోల్లో కిలోకు పైనున్న పుస్తకాన్ని పెడతడా, పిల్లలకు టాంగ్ డబ్బాలు పెడతడా? అది షెల్ఫ్ మీదనే ఉంది. వాని మంచంలోకి జగిత్యాల నుంచి వచ్చిన కొత్త పిలగాడు ఇప్పుడు ఆ రాత చూసే ఆట నేర్చుకుంటుండు.

రూల్స్ మారితే అచ్చు పుస్తకం పాతబడదా అని మస్కట్ తమ్ముడు అడిగిండు. మంచి ప్రశ్న. సైటులో అయితే పాత రివిజన్ డ్రాయింగ్ చేతిలో ఉంటేనే భయం, దాని మీద సూపర్‌సీడెడ్ ముద్ర కొట్టి పక్కన పెడతం. ఆటకు ఆ భయం లేదు, 2014 రూల్స్‌తో ఆడితే ఏ స్లాబూ కూలదు. 2024 ఆగస్టులో ఆ కంపెనీ, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్, యాప్‌లో పాత మంత్రాల జాగాలో కొత్తవి పెడతమన్నది. ఆడేవాళ్ళు గొడవ చేసినంక వెనక్కి తగ్గింది. షెల్ఫ్ మీది పుస్తకాన్ని ఎవరూ వచ్చి అట్ల మార్చలేరు. ఇంకో మాట, ఇప్పుడు సైటుకు ట్యాబ్లెట్లు ఇచ్చిన్రు గదా, జులై ఎండలో అవి వేడెక్కి ఆగిపోతే మేస్త్రీ చూసేది కాగితం డ్రాయింగే.

అయినా ముందుగాల్నే పుస్తకం కొనుమని చెప్పం. 2023 జనవరిలో లైసెన్స్ మారుస్తమని కంపెనీ అంటే చాలామంది కోపంతో చందాలు రద్దు చేసుకున్నరు. నెలాఖరుకు కంపెనీ దిగివచ్చి, అసలు రూల్స్ ఉన్న ఎస్ఆర్‌డీ 5.1 అనే దాన్ని క్రియేటివ్ కామన్స్ కింద వదిలింది. నాలుగు వందల పేజీల పీడీఎఫ్, ఫుకట్. 2025లో కొత్త రూల్స్‌వి కూడా 5.2 పేరుతో ఇచ్చిన్రు. దొంగ కాపీ కాదు, ధైర్యంగా ప్రింటు తీయించుకోవచ్చు. బొమ్మలు ఉండవు, పుస్తకంలో ఉన్నన్ని రకాల వీరులు కూడా ఉండరు, కానీ ఐదుగురు ఆడుకోవడానికి బాగనే సరిపోతది. మేం కొట్లాట రూల్స్, మంత్రాలు, కొందరు రాక్షసులు, అట్ల వంద పేజీలు జిరాక్స్ షాపులో తీయించి స్పైరల్ కొట్టించినం. ఇప్పుడు పుస్తకం ఒకటి, స్పైరల్ ఒకటి, వెతకడానికి ఫోన్లో పీడీఎఫ్. చందా లేదు.

కుయా లాంటి మనిషి ఉండి, అందరికీ ఒప్పుకునే కార్డు ఉంటే యాప్ తీసుకోండి, వద్దనం. లేకపోతే ముందు ఆ స్పైరల్‌తో ఒక నెల ఆడి చూడండి. తీయించేటప్పుడు రెండు దిక్కులా ప్రింటు వేయమనండి, పక్కన మార్జిన్ ఎక్కువ వదలమనండి. తెలుగు రాసుకోవడానికి జాగ కావాలి.