మా పెరటి నేలవేము

నేలవేము ఎంత చేదో మీరెరుగుదురు. దాని విత్తనము మొలిపించుటకు ఎంత ఓర్పు కావలెనో మా పెరటిలో మేమెరిగితిమి.

కాయ గోధుమరంగుకు తిరిగిన వెంటనే, పగులక మునుపే కోయవలెను. లేనియెడల గింజలు చిట్లి నేలపాలగును. క్రొత్త గింజ సరిగా మొలవదు, కొన్ని నెలలు నిద్రించును. కావున జనవరిలో ఎండబెట్టి, గుడ్డసంచిలో కట్టి, తొలకరి వరకు ముట్టము. అవి నువ్వుగింజకంటె చిన్నవి. ఇసుక కలిపి మడిలో చల్లి, పైన పలుచగా మట్టి రాల్చి, తడి ఆరనీయము. నెల దాటిన నారును జానెడు ఎడముగా నాటుదుము. పూత మొదలగునప్పుడు కోయుదుము. ఆకులో చేదు అప్పుడే మెండు. నాలుగైదు మొక్కలు విత్తనమునకు విడుతుము.

అడిగినవారికి ఎండుటాకు ఇత్తుము. గర్భిణీ స్త్రీలకు మాత్రము ఇయ్యము, ఇందులో మొగమాటము లేదు.

2023 వానకాలములో పొరుగింటి బాలునికి చలిజ్వరము వచ్చెను. తల్లి, "అయ్యగారూ, గుప్పెడు ఆకియ్యండి, కషాయము పోస్తాను" అని వచ్చినది. ఆకు ఇయ్యక, బిడ్డను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు తీసికొని వెళ్లితిమి. ఆమెకు కొంత కోపము వచ్చిన మాట నిజమే. రక్తపరీక్షలో మలేరియా అని తేలినది. మాత్రలు పూర్తిగా మ్రింగించిరి, వాడు కోలుకొనెను.

తరువాతి జనవరిలో కాయలు కోయుటకు వాడే వచ్చి, ఒక ఆకు నమిలి, ఉమ్ముకొనుచు నూతి వద్దకు పరుగెత్తెను.