బండి ఎక్కడ మూలుగుతోంది?

మా బాబాయికి ఇద్దరు పిల్లలు, ఒక జీపు. ముగ్గురిలో ఎవరు ముద్దు అని అడిగితే పిన్ని నవ్వేసి ఊరుకుంటుంది. ఆకివీడు దగ్గర చేపల చెరువులకు మేత బస్తాలు తోలేది ఆ జీపే. పిల్లల ఫీజులు కట్టిందీ, ఇంటికి శ్లాబు వేసిందీ దాని సంపాదనే. అలాంటిది, వెనక క్రౌన్ పినియన్ మార్పించిన దగ్గర్నుంచి 'కూ...' అని మూలగడం మొదలెట్టింది. ఇంటిల్లిపాదికీ బెంగ పట్టుకుంది.

జీపుకి ఇంజిన్ ముందుంటుంది. తిరిగేవి వెనక చక్రాలు. రెండింటి మధ్యా పొడవాటి గొట్టంలాంటి ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉంటుంది. దాని చివర చిన్న పళ్లచక్రం పినియన్. అది పెద్ద పళ్లచక్రమైన క్రౌన్‌ని తిప్పుతుంది. పాత సెట్టులో క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 10. అంటే చక్రం ఒకసారి తిరగాలంటే షాఫ్ట్ 4.1 సార్లు తిరగాలి. బరువుతో చెరువుగట్లు ఎక్కేటప్పుడు బండి లాగడం లేదని బాబాయి 39, 8 పళ్ల సెట్టు వేయించాడు. ఇప్పుడు షాఫ్ట్ దాదాపు 4.9 సార్లు తిరగాలి. లాగుడు పెరిగింది. దాంతోపాటే మూలుగు, కాస్త వేగం అందుకుంటే సీటు కింద జివ్వుమనే అదురు!

బిగించిన మెకానిక్‌ని అడిగితే, 'కొత్త పళ్లు కదండీ, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అవే సర్దుకుంటాయి' అన్నాడు. మీటరు మీద 1,500 దాటినా సర్దుకోలేదు. ఇంకొకాయన మొత్తం యాక్సిలే మార్చమన్నాడు. ఆ ఖర్చు విన్నాక జీపు అమ్మేద్దామనే మాట కూడా వచ్చింది ఇంట్లో. ఆ మూలుగు వింటే కొనేవాడు సగం ధర కూడా ఇవ్వడు.

చివరికి నేనూ బాబాయీ విజయవాడ ఆటోనగర్ వెళ్లాం. అక్కడో పెద్దాయన, పానా ముట్టుకోకుండా బండెక్కి కూర్చున్నాడు. 'విప్పడానికి తొందరేముందండీ, ముందు విందాం' అన్నాడు.

విని చెప్పాడు

ఒకే వేగంలో ముందు నాలుగో గేరులో, తర్వాత మూడో గేరులో నడిపించాడు. ఇంజిన్ మోత మారింది కానీ మూలుగు మారలేదు. అంటే లోపం గేరుబాక్సుకు వెనకాలే ఉంది. తారురోడ్డు మీంచి సిమెంటురోడ్డు మీదికి వెళ్లినా అంతే. కాబట్టి టైర్లది కాదు. స్టీరింగ్ కొద్దిగా అటూ ఇటూ తిప్పినా తేడా లేదు. చక్రాల బేరింగుల మీద అనుమానం తగ్గింది.

తర్వాత యాక్సిలరేటర్. తొక్కితే చప్పుడు లేదు. గేరులో ఉండగానే కాలు తీస్తే మూలుగు. 'బేరింగు పోతే కాలు వేసినా తీసినా గురగురమంటూనే ఉంటుంది. ఇది పళ్ల చప్పుడు' అని తేల్చాడు.

ఇక అదురు. దానికి చిన్న లెక్క ఉంది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లనుకుందాం. 60 కిలోమీటర్ల వేగమంటే నిమిషానికి 1,000 మీటర్లు. చక్రం నిమిషానికి 450 సార్లు పైన, అంటే సెకనుకు ఏడెనిమిది సార్లు తిరుగుతుంది. చక్రంలో తేడా ఉంటే బండి ఆ లయలోనే ఊగుతుంది. షాఫ్ట్ మాత్రం ఇప్పుడు నిమిషానికి 2,200 సార్లు పైనే తిరుగుతోంది. పాత పళ్లతో అయితే 1,860 దాకానే. జివ్వుమనే సన్నటి అదురు షాఫ్ట్‌దే.

జీపు కింద దూరి చూస్తే అదే నిజమైంది. షాఫ్ట్ రెండు ముక్కలు. ఒకదాంట్లో ఒకటి జారేలా గాళ్లుంటాయి. రెండు కొసల్లోని క్రాసులు పట్టుకునే చెవులు ఒకే వరసలో ఉండాలి. అందుకే బాణం గుర్తులు వేస్తారు. తిరిగి బిగించేటప్పుడు ఒక గాడి తప్పింది. తీసి, బాణాలు కలిపి బిగించాడు. కొత్త సామాను పైసా ఖర్చు లేకుండానే అదురు పోయింది.

నీలం మరక చెప్పిన నిజం

ముందుగా క్రౌన్ మీదా పినియన్ మీదా చెక్కిన జత నంబరు ఒకటేనా అని చూశాడు. ఈ రెంటినీ ఫ్యాక్టరీలోనే జతగా నూరతారు. ఒకదానికి మరోదాన్ని కలపకూడదు. నంబరు సరిపోయింది. పళ్లకు నీలం రంగు పూసి తిప్పాడు. ఒరుసుకున్న మరక పన్ను నడిమధ్య పడాలి. కాలు తీసినప్పుడు ఆనే వైపు అది అంచున పడింది. పినియన్ వెనక పల్చటి షిమ్ములు మార్చి, డయల్ గేజితో పళ్ల మధ్య సందు కొలిచాడు. సాధారణంగా అది మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూ ఉంటుంది. ఆ బండి మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. నాలుగోసారికి మరక మధ్యకొచ్చింది.

'ఇంకొన్నాళ్లు తిప్పుంటే పళ్లు తప్పు చోట అరిగిపోయేవి. అప్పుడెంత సర్దినా మూలుగు పోదు' అన్నాడాయన. మొదట్లో పదిహేను, ఇరవై నిమిషాలు నడిపి చల్లారనివ్వమన్నాడు. కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయొద్దని, 800 దగ్గర ఆయిల్ మార్చమని చెప్పాడు.

ఇంకో సంగతీ బయటపడింది. ఆ జీపు మీటరు గేరుబాక్సు నుంచి తిరుగుతుంది. పళ్ల లెక్క మారిందిగా, మీటరు 60 చూపిస్తే ఫోన్‌లో 50 పైచిలుకే! కిలోమీటర్ల లెక్కా అంతే. బాబాయి కిలోమీటరు చొప్పున కిరాయి తీసుకుంటాడు. మీటరు పళ్లు మార్పించేదాకా ఫోన్ లెక్కే తీసుకున్నాడు. అప్పటిదాకా ఎక్కువిచ్చినవాళ్లకు తర్వాతి కిరాయిల్లో తగ్గించాడు.

మీ బండి చప్పుడు చేస్తే 'ఏదో మోతొస్తోందయ్యా' అని మెకానిక్‌కి అప్పగించకండి. ఎంత వేగంలో, ఏ గేరులో, కాలు వేస్తేనా తీస్తేనా, ఏ పని చేయించాక... ఈ నాలుగూ ఓ కాగితం మీద రాసివ్వండి. పినియన్ దగ్గర ఆయిల్ కారినా, డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలినా, టకటకమని కొట్టుకున్నా మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. ఆ బేరింగు బిగుసుకుపోతే వెనక చక్రాలు ఉన్నచోటే ఆగిపోతాయి. పక్కన కాలవున్న గట్టు మీద అది చాలా ప్రమాదం.