పట్టేసిన ఇంజను

తెలుగు పండితుడికి కారు ఇంజనుతో ఏమి పని అని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి. కార్యకారణ సంబంధమంటే ఏమిటో ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద వ్రాసి చెప్పినవాణ్ణే నేను. దాన్ని కళ్ళారా చూచింది మాత్రం రాణీగంజ్ నుండి వచ్చిన ఒక ఉస్తాదు చేతిలో.

2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి జంటనగరాల మీద కురిసిన వాన చదువరులకు జ్ఞాపకమే ఉంటుంది. సికింద్రాబాదులో మా అపార్టుమెంటు సెల్లారులోకి నీరు చేరి, నా పాత మారుతి 800 హెడ్‌లైట్ల దాకా మునిగింది. రెండు రోజులకు నీరు తోడించారు. ఎండ కాచింది గదా అని మర్నాడు దిగివెళ్ళి తాళం తిప్పాను. ఒక్కసారి గుర్రుమని, టంగుమని ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే "టక్" అన్న శబ్దమే తప్ప చలనం లేదు.

ఇంజను పట్టేసిందన్నారు చూచినవారు. మెడ పట్టేసింది అంటామే, ఆ మాటే. సీజయిందనడం కన్నా నాకిదే నచ్చింది. చమురు లేకపోతే ఇంజను పట్టేస్తుందని ఎప్పుడో విని ఉన్నాను. బండి తుడిచి ఆయిల్ చూచే పని వాచ్‌మన్ కొడుకుది. ఇంకేముంది, పదిమందిలో వాణ్ణి కేకలేశాను. వాడు తల వంచుకొని విన్నాడు.

ఉస్తాదు వచ్చి ముందు హెడ్‌లైట్లు వేయించాడు. బాగానే వెలిగాయి. బ్యాటరీలో లోపం లేదు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంకు పుల్లీ నట్టుకు పానా తగిలించి బలంగా తిప్పాడు. కదలలేదు. దోషి స్టార్టరు కాదు, అడ్డు లోపలే ఉందన్నమాట. తరువాత ఆయిల్ గేజి లాగి నాకు చూపించాడు. చమురు పై గీత కూడా దాటి ఉంది. రంగు పాలు కలిపిన టీ రంగు.

"ఆయిల్ తక్కువ కాలే సార్, ఎక్కువైంది. నీళ్ళు కలిసినయ్."

గాలి ఫిల్టరు తీస్తే అందులోనూ బురద. అంతటితో తీర్పు చెప్పేస్తాడనుకున్నాను. చెప్పలేదు. చమురు లేక పట్టేసిన ఇంజనులో లోహం లోహాన్ని ఒరుసుకొని, కాగి, అతుక్కుపోతుందట. అప్పుడు ప్లగ్గులు తీసినా కదలదట. అది కూడా తేల్చుకోవాలని ప్లగ్గులు మూడూ విప్పి మళ్ళీ పానా పట్టాడు. నడిమి రంధ్రంలోంచి బురదనీరు పిచికారీలా ఎగిసి నా పంచె మీద పడింది. ఇంజను తిరిగింది! గాలిని నొక్కితే అణుగుతుంది, నీరు అణగదు. పైకి వచ్చే పిస్టనుకు ఆ కాసిని నీళ్ళే బండరాయిలా అడ్డు నిలిచాయి.

"మునిగినంక చాబీ తిప్పిండ్రా సార్?"

లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "తిప్పాను" అన్నాను.

తిప్పకుండా ఉంటే బ్యాటరీ తీగ ఊడదీసి, ప్లగ్గులు విప్పి, నీరు వెళ్ళగొట్టి, చమురు మారిస్తే సరిపోయేదేమో. తరువాత షెడ్డులో హెడ్డు విప్పి, ఒక్కొక్క పిస్టనునూ పైకంటా తెచ్చి కొలిచాడు. నడిమిది మిగిలినవాటికన్నా గోరుమందం దిగువనే ఆగుతున్నది. కనెక్టింగు రాడ్డు వంగింది.

ఆ సాయంత్రం సెల్లారులో, మళ్ళీ నలుగురూ ఉన్నప్పుడే, ఆ కుర్రవాణ్ణి పిలిచి తప్పు నాదేనని చెప్పాను. వాడు చేతిలోని తుడుపుగుడ్డ మడుస్తూ అన్నాడు:

"ఆ దినం చెప్పనీకె వచ్చిన సార్, చాబీ తిప్పొద్దని. మీరు ఫోన్ల మాట్లాడుతుండిరి."